మందమైన కుంచెరాత ఫాంటు బోర్డు మీద వెలుగుతుంది, పచ్చడి సీసా మీద అలుక్కుపోతుంది: ఎందుకు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా రాస్తాను. మీరు ఇంటిదగ్గర పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్ముతున్నారు. సీసాలకు లేబులు, దుకాణానికి బోర్డు కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే ‘లక్కిరెడ్డి’ ఫాంటు కుంచెతో హుషారుగా రాసినట్టు మందంగా ఉండటం నచ్చి, పచ్చడి పేరు మొదలుకొని దినుసుల జాబితా వరకు అన్నీ దానితోనే పెట్టారు. బోర్డు నమూనా బాగానే వచ్చింది. లేబులు మీద మాత్రం అక్షరాలు అలుక్కుపోయాయి, ప్రెస్సులో తెరిచినప్పుడు కొన్ని వత్తులు విడిపోయాయి. లోపం ఫాంటులో ఉందా, వాడిన తీరులో ఉందా, ఉచితంగా దొరికిన ఫాంటును వ్యాపారానికి వాడుకోవచ్చా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే ఫాంటులో లోపం లేదు. ఇటువంటి ఫాంటును రెండు మూడు మాటలకు, అదీ పెద్ద సైజులో మాత్రమే వాడాలి. పచ్చడి పేరు, దుకాణం పేరు దానితో పెట్టండి. దినుసులు, బరువు, ధర, చిరునామా, ఫోను నంబరు అన్నీ సాదా ఫాంటులోకి మార్చండి. వత్తులు విడిపోవడం సాఫ్ట్‌వేర్ సెట్టింగు వల్ల వచ్చిన ఇబ్బంది, దానికి మార్గం ఉంది. వ్యాపారానికి నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. వీటికి కారణాలు తెలిస్తే రేపు మరో లేబులు చేసేటప్పుడు ఎవరినీ అడగనవసరం ఉండదు కాబట్టి వివరంగానే రాస్తున్నాను. నేను కుంచెతో సైన్‌బోర్డులు రాయడంతో ఈ పనిలోకి వచ్చి, తరువాత కంప్యూటర్ మీద ప్యాకింగు లేబుళ్లు, పోస్టర్లు కూర్చడంలో స్థిరపడ్డాను. కింద రాసేది ఎక్కువగా ఆ అనుభవం నుంచి వచ్చినదే.

తెలుగు లిపిలో ఒక అక్షరానికీ మరొక అక్షరానికీ మధ్య తేడా చాలాచోట్ల ఒక చిన్న సందులోనో, ఒక చుక్కలోనో, అడుగున ఉండే పొట్టి గీతలోనో ఉంటుంది. ‘ప’కు తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా నిలుస్తుంది, ‘వ’కు అంటుకుంటుంది. ఆ వెంట్రుకవాసి సందు పూడిపోయిందంటే మీ సీసా మీద ‘పచ్చడి’ కాస్తా ‘వచ్చడి’ అవుతుంది. ‘ఠ’ లోపలి చుక్క కలిసిపోతే ‘మిఠాయి’ని ‘మిరాయి’ అని చదవవలసి వస్తుంది. ‘ధ’ అడుగున ఉండే నిలువు గీత కనిపించకపోతే ‘ధనియాల పొడి’ ‘దనియాల పొడి’గా మారుతుంది. గుడికీ దీర్ఘపు గుడికీ తేడా కుడివైపు కొసన ఉన్న చిన్న మెలిక మాత్రమే. అది మూసుకుపోతే ‘తీపి’లోని దీర్ఘం పోతుంది. ‘ప’, ‘ష’, ‘స’లను వేరుచేసేవి కూడా ఒక లోపలి గీత, ఒక కోత. సాధారణ ఫాంటులో గీత సన్నగా ఉంటుంది కాబట్టి ఈ సందులకు చోటు మిగులుతుంది. మందమైన కుంచెరాతలో గీతే చోటంతా ఆక్రమిస్తుంది. రూపకర్త ఎంత నేర్పరి అయినా మిగిలేది కొద్దిపాటి తెలుపు. పెద్ద సైజులో ఆ తెలుపు కంటికి ఆనుతుంది. చిన్న సైజులో అచ్చువేసినప్పుడు సిరా అంచులు దాటి కొద్దిగా పరుచుకుంటుంది, ముఖ్యంగా మెరుపు పూత లేని కాగితం మీద, చవక స్టిక్కరు మీద. అలా కొద్దిగా పరుచుకున్న సిరాయే సందులను మింగేస్తుంది. మీ బోర్డు బాగుండి లేబులు పాడవడానికి అసలు కారణం ఇదే.

చేత్తో బోర్డు రాసేవారు ఈ చిక్కును ఎలా దాటుతారో చూస్తే ఫాంటు పరిమితి మరింత స్పష్టమవుతుంది. బద్దకుంచెను, అంటే కొస చదునుగా ఉండే కుంచెను, ఒకే కోణంలో పట్టుకొని తిప్పితే ఒక దిక్కుకు సాగే గీత మందంగా, దానికి అడ్డంగా సాగేది సన్నగా వస్తుంది. ఆ సన్నని చోట్లే అక్షరం ఊపిరి పీల్చుకునే చోట్లు. ‘ఠ’ వంటి అక్షరం వస్తే రాసేవారు పొట్టను కాస్త వెడల్పు చేసి చుక్కకు చోటు ఇస్తారు. కింద పెద్ద వత్తు రాబోతోందని తెలిసి పై అక్షరాన్ని కుదిస్తారు. పక్క అక్షరం వత్తు తమ కిందికి చొచ్చుకొని వస్తే కొద్దిగా పైకి జరుపుతారు. ఆ మాట ఒక్కదాని కోసం ఆ క్షణంలో తీసుకునే నిర్ణయాలు ఇవి. ఫాంటుకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి అక్షరానికీ ఒక రూపాన్ని ముందే గీసి పెట్టి, అది ఏ మాటలోకి వెళ్లినా సర్దుకునేలా చేయాలి. అందువల్ల తెలుగులో మందమైన కుంచెరాత ఫాంటు గీయడం చాలా కష్టమైన పని. చేసినవారిపై నాకు గౌరవం ఉంది.

మీరు ఎంచుకున్న ‘లక్కిరెడ్డి’ గురించి కొంత చెప్పాలి. అమెరికాలోని కాలిఫోర్నియా కేంద్రంగా పనిచేసే సిలికానాంధ్ర సంస్థ తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల పద్ధతి) ఫాంట్లు కొన్నింటిని 2013 ప్రాంతంలో రూపొందింపజేసి అందరికీ ఉచితంగా విడుదల చేసింది. మండలి, సూరన్న, గిడుగు, ధూర్జటి, రామరాజ, రవిప్రకాష్ వంటివన్నీ ఆ వరుసలోనివే, లక్కిరెడ్డి కూడా. అప్పాజీ అంబరీష దర్భా గారు దీన్ని రూపొందించారు. శీర్షికల కోసం, పోస్టర్ల కోసం, ఆహ్వానపత్రికల కోసం ఉద్దేశించిన చేతిరాత తరహా ఫాంటు ఇది. అంతకుముందు తెలుగు డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పనిలో, అలంకార అక్షరాలు దాదాపుగా యూనికోడ్ కాని పాత పద్ధతి ఫాంట్లలోనే దొరికేవి. వాటితో కూర్చిన పాఠాన్ని నేరుగా వెబ్‌లో పెట్టడం, వెతకడం కష్టం. సెల్‌ఫోనులో టైపు చేసిన తెలుగే నేరుగా కుంచెరాతలోకి మారే వీలు ఈ ఫాంట్లతో సామాన్యులకు అందింది. అది చిన్న విషయం కాదు.

ఈ ఫాంటుకు ఒకే ఒక్క మందం ఉంది. దాన్ని ఎంచుకున్న తరువాత ‘బోల్డ్’ మీట నొక్కకండి. వేరే బోల్డ్ రూపం లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనకు తానే గీతల చుట్టూ మందం పూస్తుంది. అది బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంత పెరుగుతుంది. ఉన్న కొద్దిపాటి సందులూ పోతాయి. మీరు పంపిన లేబులు చిత్రంలో ‘ధనియాల’లోని అడుగు గీత అంచులు చూస్తే అక్కడ ఇదే జరిగినట్టు నాకు అనిపిస్తోంది. వెబ్‌సైటులో మరింత జాగ్రత్త అవసరం. శీర్షికలకు బ్రౌజరు అప్రమేయంగా బోల్డ్ పెడుతుంది కాబట్టి, ఆ శీర్షికకు ఫాంట్ వెయిట్‌ను (మందాన్ని తెలిపే అంకెను) 400 అని స్పష్టంగా రాయాలి. అక్షరాలను వాల్చడం, అడ్డంగా సాగదీయడం కూడా వద్దు. కుంచె కోణం వల్ల వచ్చిన మందం సన్నం తేడాలు సాగదీతలో తారుమారై, రాత కాస్తా రబ్బరు మీద గీసినట్టు అవుతుంది.

సైజు విషయంలో నేను పాటించే హద్దు చెబుతాను. ఇది శాస్త్రం కాదు, నా అలవాటు. అచ్చులో 24 పాయింట్ల కంటే తక్కువ, తెర మీద 32 పిక్సెళ్ల కంటే తక్కువ ఉండే చోట మందమైన కుంచెరాతను పెట్టను. సీసా చిన్నదై పేరు అంతకంటే చిన్నగా పెట్టవలసి వస్తే పేరును రెండు వరుసలుగా విరిచి అయినా సైజు నిలుపుకుంటాను. ‘గోంగూర’ ఒక వరుస, ‘పచ్చడి’ ఇంకొక వరుస. అలా విరిచినప్పుడు వరుసల మధ్య దూరం చూసుకోవాలి. తెలుగులో అక్షరం పైకి గుడి, ఏత్వం వెళతాయి, కిందికి వత్తులు దిగుతాయి. ఇంగ్లీషుకు సరిపోయే దూరం మనకు చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడిలో గుచ్చుకుంటుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, మీ పేరులో వత్తులు ఉన్నాయో లేదో చూసి పెంచండి లేదా తగ్గించండి. ‘గోంగూర’ కింద ‘పచ్చడి’ వస్తే పై వరుసలో కిందికి దిగే వత్తే లేదు కాబట్టి దగ్గరకు తేవచ్చు. అదే ‘నిమ్మకాయ’ అయితే ‘మ్మ’ వత్తు కింది మాట మీద పడుతుంది.

దుకాణం పేర్లలో నన్ను ఎక్కువగా నిలబెట్టి ఆలోచింపజేసేది ‘లక్ష్మి’. మన ఊళ్లలో ఆ పేరు లేని వీధి ఉండదు. ‘క్ష్మి’లో క కింద ష వత్తు, దానికి తోడు మ వత్తు, పైన గుడి. ఇంత బరువు ఒక్క అక్షరం మీద పడుతుంది. మందమైన ఫాంటులో మిగిలిన పేరంతా ఒక ఎత్తు, ఈ అక్షరం ఒక్కటీ ఒక ఎత్తు. ‘శ్రీ’, ‘స్త్రీ’, ‘రాష్ట్ర’ వంటివీ ఇదే కోవలోకి వస్తాయి. కాబట్టి ఫాంటు ఎంచుకునే ముందు మీ పేరులో ఉన్న అత్యంత బరువైన అక్షరాన్ని టైపు చేసి చూడండి. ఫాంటు పేరు పక్కన చూపించే నమూనా వాక్యాన్ని చూసి మురిసిపోవద్దు. అందులో మీ అక్షరం ఉండకపోవచ్చు. ఆ ఒక్క అక్షరం బాగుంటే మిగిలినవి బాగానే ఉంటాయి. అది నలిగిపోతే వేరే ఫాంటు చూసుకోవాలి, లేదా ఆ అక్షరాన్ని చేత్తో సరిచేయాలి.

ఇక హుషారు సంగతి. కుంచెరాతలోని ఆట అంతా అక్షరాలు ఒకదానిలా మరొకటి ఉండకపోవడంలో ఉంటుంది. చేత్తో రాస్తే ఒక తలకట్టు పొట్టిగా, ఒకటి పొడుగ్గా వస్తుంది. ఒక అక్షరం గీత మీద కూర్చుంటుంది, ఇంకొకటి కొద్దిగా ఎగురుతుంది. ఫాంటులో ఒకే అక్షరం ఎన్నిసార్లు వచ్చినా ఒకే రూపం. ‘ఆవకాయ’కు ఇబ్బంది లేదు, అందులో ఏ అక్షరమూ తిరిగి రాదు. ‘కాకరకాయ’ తీసుకోండి. మూడు ‘క’లు, దీర్ఘం గుర్తు తప్ప మూడూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చూసేవారు కారణం చెప్పలేకపోవచ్చు గాని, ఇది చేతిరాత కాదని కన్ను పట్టేస్తుంది. అటువంటి పేరు వచ్చినప్పుడు నేను పాఠాన్ని కర్వ్స్‌గా, అంటే టైపు చేసిన అక్షరాలను గీసిన బొమ్మల్లాంటి ఆకారాలుగా మార్చి, ఒక ‘క’ను ఒకటి రెండు డిగ్రీలు తిప్పుతాను, ఇంకొక దాని తలకట్టు కొసను కొంచెం లాగుతాను, మూడోదాన్ని గీత నుంచి వెంట్రుకవాసి దించుతాను. ఎక్కువ చేయకూడదు. కదిలించినట్టు తెలియకుండా కదిలించాలి. ఒక స్వీటు దుకాణం వారికి ‘కాకినాడ కాజా’ అన్న మాటలు ఈ తరహాలో చేసినప్పుడు, ‘కా’లు రెండింటికీ ఇలా చిన్నచిన్న తేడాలు పెట్టాను. వారు దాన్ని చేత్తో రాయించినదనే అనుకున్నారు.

అంచు గీత పెట్టే అలవాటు మన ఫ్లెక్సీల వల్ల బాగా పాతుకుపోయింది. పసుపు అక్షరం, ఎర్ర అంచు, దాని వెనుక నల్ల నీడ. కుంచెరాతకు ఇది అందాన్నే ఇస్తుంది, అయితే అంచు ఎటువైపు పెరుగుతోందో చూసుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో అంచు గీత అక్షరపు హద్దుకు సగం బయట, సగం లోపల పడుతుంది. లోపలి సగం అక్షరాన్ని, సందులను తింటుంది. అంచును అక్షరం వెనుకకు పంపే ఎంపిక ఉంటుంది, దాన్ని వాడండి. అది లేకపోతే అక్షరాన్ని రెండు ప్రతులు చేసి, కింది ప్రతికి మాత్రమే అంచు ఇచ్చి, పై ప్రతిని శుభ్రంగా ఉంచండి. ఇంకొక చిక్కు కూడా ఉంది. కొన్ని తెలుగు ఫాంట్లలో వత్తు, గుడి, తలకట్టు విడి ముక్కలుగా వచ్చి అక్షరం మీద పడి ఉంటాయి. నిండు రంగులో అది కనిపించదు. అంచు పెట్టగానే ముక్కలు కలిసే చోట అడ్డగీతలు బయటపడతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్లయిన కోరల్‌డ్రాలో ‘వెల్డ్’, ఇల్లస్ట్రేటర్‌లో ‘యునైట్’ చేసి ముక్కలన్నిటినీ ఒకే ఆకారంగా కలిపిన తరువాతే అంచు పెట్టాలి. బోర్డుకు వినైల్ (అతికించే ప్లాస్టిక్ రేకు) కోయించినా, ఏక్రిలిక్ అక్షరాలు చేయించినా ఈ పని తప్పనిసరి. కలపకపోతే కోసే యంత్రం ఆ లోపలి గీతల వెంట కూడా కోసి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది.

వత్తులు విడిపోవడం గురించి. యూనికోడ్ తెలుగులో ‘చ్చ’ అనేది చ, పొల్లు, చ అనే మూడు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. వాటిని కలిపి వత్తుగా చూపించే నియమాలు ఫాంటులో ఉంటాయి, ఆ నియమాలను అమలు చేయవలసింది సాఫ్ట్‌వేర్. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్‌ను (అక్షరాలను కూర్చే పద్ధతిని నిర్ణయించే సెట్టింగు) ఎంచుకోవాలి. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్లు చూపించమని గుర్తు పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో దక్షిణాసియా కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఏ సెట్టింగూ మార్చకుండానే తెలుగు సరిగా వస్తుంది. మీ ఊరి ప్రెస్సులో ఇప్పటికీ పాత పద్ధతి ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో పని జరుగుతూ ఉంటే మీ యూనికోడ్ పాఠాన్ని అక్కడ పెట్టినా సరిగా రాదు. ఆ ఫాంట్లలో తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టారు. అందుకే ప్రెస్సుకు ఎప్పుడూ కర్వ్స్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి, టైపు చేసిన పాఠం ఉన్న ఫైలును మీ దగ్గర వేరుగా దాచుకోండి. కర్వ్స్ చేసిన తరువాత అక్షరదోషం దిద్దలేరు కాబట్టి ఆ ముందే ఒకరిచేత పైకి చదివించండి.

అక్షరాల మధ్య దూరాన్ని పెంచడం, తగ్గించడం కూడా ఈ ఫాంట్లలో ఆచితూచి చేయాలి. దగ్గరకు లాగితే ఒక అక్షరపు వత్తు పక్క అక్షరం కిందికి వెళ్లి దాని వత్తులా కనిపిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దూరం పెంచితే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. మాట మొత్తానికి ఒకే అంకె ఇవ్వకుండా, అవసరమైన జంట దగ్గర మాత్రమే సరిచేయడం మేలు.

బోర్డు విషయంలో మీరు అడగకపోయినా ఒక లెక్క చెబుతాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు, అంగుళం ఎత్తుకు పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చని బోర్డుల పనివారు అంచనా వేస్తారు. తెలుగుకు గుడులు, వత్తులు వదిలేసి అక్షరపు నడిమి భాగాన్ని మాత్రమే ఎత్తుగా లెక్కించాలి. మందమైన కుంచెరాతకు నేను దానికి మరో సగం కలుపుతాను. రోడ్డు అవతలి వైపు నుంచి నలభై అడుగుల దూరంలో చదవాలంటే నడిమి భాగం ఎత్తు ఆరు అంగుళాలు ఉండాలన్నమాట. డబ్బు ఖర్చుపెట్టే ముందు పేరులోని రెండు బరువైన అక్షరాలను ఆ సైజులో కాగితాలు అతికించి అచ్చు తీసి, గోడకు పెట్టి, అవతలి పక్కకు వెళ్లి చూడండి. ముదురు రంగు మీద తెల్ల అక్షరం పెట్టాలనుకుంటే ఈ మందమైన ఫాంటు చక్కగా నిలుస్తుంది. సన్నని ఫాంటు అచ్చులో అలాంటి చోట సన్నబడి చెదిరిపోతుంది, ఇది చెదరదు.

తోడు ఫాంటుగా మండలి, నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు, వీటిలో ఏదైనా తీసుకోండి. పక్కన మరొక అలంకార ఫాంటు మాత్రం వద్దు. రెండూ కలిసి అరుస్తాయి. పేరు కంటే చిన్నగా, దినుసుల కంటే పెద్దగా ఉండే మాటలకు, అంటే ‘ఇంటి రుచి’, ‘నువ్వుల నూనెతో’ వంటి వాటికి, ముంబయిలోని ఎక్ టైప్ వారి ‘బాలూ తమ్ముడు 2’ బాగా కుదురుతుంది. గుండ్రని కొసలతో అది కూడా ఆటగానే ఉంటుంది, పైగా అందులో 400 నుంచి 800 వరకు నిజమైన మందాలు ఉన్నాయి. ఇంకొక ముఖ్య విషయం: ఆహార పదార్థాల లేబులు మీద చట్టప్రకారం ఉండవలసిన వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. తెలుగు వాటికి అదనంగా పెట్టుకోవచ్చు. అక్షరాల కనీస ఎత్తు కూడా లేబులు వైశాల్యాన్ని బట్టి నిర్ణయమై ఉంటుంది. ఆ భాగాన్ని కుంచెరాతలో పెట్టే ఆలోచనే పెట్టుకోకండి. ముందు ఆ వివరాలకు కావలసిన చోటు కేటాయించి, మిగిలిన చోటులో పేరును వీలైనంత పెద్దగా పెట్టండి.

చివరగా అనుమతుల సంగతి. లక్కిరెడ్డి సహా ఆ వరుస ఫాంట్లు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలయ్యాయి. లేబులు, బోర్డు, వెబ్‌సైటు, సంచి, దేని మీదైనా వాడుకోవచ్చు, అమ్మే సరుకు మీద వాడినా డబ్బు కట్టనవసరం లేదు. ఫాంటు ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు, దాన్ని మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవాలన్న ఆలోచన ఉంటే, రేపు పక్క వీధి దుకాణం వారు కూడా ఇదే ఫాంటులో తమ పేరు పెట్టుకోవచ్చని గుర్తుంచుకోండి. వారిని మీరు ఆపలేరు. అందువల్ల కర్వ్స్ చేసిన పేరులో ఒకటి రెండు అక్షరాలనైనా చేత్తో తిరిగి గీయించండి. మొదటి అక్షరపు తలకట్టు, చివరి అక్షరపు కొస, లేదా పైన చెప్పిన బరువైన అక్షరం అందుకు అనువైనవి. మీ దుకాణం పేరులో ‘లక్ష్మి’ ఉంది కాబట్టి ఆ ‘క్ష్మి’ని బద్దకుంచెతో రాయించి, స్కాన్ చేసి, మిగిలిన అక్షరాల పక్కన కూర్చమని మీ డిజైనరుకు చెప్పండి. బోర్డులు రాసే పెద్దవారు మీ ఊళ్లో ఇంకా ఉంటే ఆ ఒక్క అక్షరం వారిచేతనే రాయించండి. కంప్యూటర్‌తో పనిచేసే మావంటివారి కంటే వారికి ఆ మూడు అంతస్తులను ఎలా సర్దాలో బాగా తెలుసు.